గోడ అవతలి బావులు

"నీళ్ళు వాడనప్పుడు బోరెందుకేస్తుండ్రు సారూ?" పటాన్‌చెరు చుట్టుపక్కల పొలాల్లో మా రిగ్గు ఎక్కడ నిలబడ్డా ఎవరో ఒకరు ఈ మాట అడిగేవారు. భూగర్భ జలాల పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. అయినా ఆ ప్రశ్నకు పొలం గట్టు మీద నిలబడి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం ఎప్పుడూ కష్టంగానే ఉండేది. మోటబావి ఎందుకో వాళ్ళకు తెలుసు. ఊరి నడిమి చేదబావి తెలుసు, చేపంపు బోరింగు తెలుసు. పంట కోసం అప్పు చేసి వేసిన బోరు సంగతి చెప్పనే అక్కర్లేదు. సాక్ష్యం చెప్పడానికి బావి వేస్తారన్నది మాత్రం వాళ్ళకు వింత. నిజానికి ఆ విద్య ప్రపంచంలోనే పాతది కాదు.

దాని పుట్టుక గురించి చెప్పమంటే నేను న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ దగ్గర మొదలుపెడతాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి సౌత్ ఫార్మింగ్‌డేల్‌లో ఒక విమానాల కర్మాగారం ఉండేది. లోహాలకు పూత పూయగా మిగిలిన క్రోమియం, కాడ్మియం నీళ్ళను ఇసుక నేలలో తవ్విన గుంటల్లోకి వదిలేవారు. గుంట నిండేది కాదు, నేల తాగేసేది. ఇంకేముంది, పీడ విరగడయిందనుకున్నారు. 1942లోనే అక్కడి బావి నీళ్ళలో క్రోమియం కనిపించింది. 1949లో ఒకచోట లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాముల దాకా తేలింది. 1962 నాటికి అమెరికా భూవిజ్ఞాన సర్వే వాళ్ళు ఆ కలుషిత జలం ఆకారాన్నే గీసి చూపించారు. పొడవు సుమారు 4,300 అడుగులు, వెడల్పు 1,000 అడుగుల దాకా, మందం 70 అడుగుల దాకా. కర్మాగారం గోడ దాటి, ఇళ్ళ కిందుగా, దక్షిణాన ఉన్న మాసాపెక్వా వాగు వైపు అది సాగింది.

నాకు ముచ్చటేసేది వాళ్ళు పని చేసిన తీరు. ఒకటింబావు అంగుళం సన్నపు గొట్టం. దాని కొసన చిల్లులున్న మొన. దాన్ని నేలలోకి దిగ్గొట్టేవారు. ఐదడుగులు దిగగానే ఆపి నీళ్ళు తీసి సీసాలో పట్టేవారు. మళ్ళీ ఐదడుగులు, మళ్ళీ సీసా. అలా ఒక్కోచోట పైనుంచి కిందిదాకా ఏ లోతులో విషం ఎంతుందో తెలిసేది. ఆ లోతులవారీ లెక్కలన్నీ పక్కపక్కన పేర్చినప్పుడే ఆ కనపడని ఆకారం కాగితం మీదికి వచ్చింది. ఇప్పటికీ గోడ అవతల దర్యాప్తు అంటే దాదాపు ఈ పనే. పనిముట్లు మారాయి, బుద్ధి అదే.

ఇంత చూపించినా చట్టం కదలడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. 1976లో అమెరికా ప్రమాదకర వ్యర్థాల చట్టం చేసింది. 1978లో నయాగరా దగ్గర లవ్ కెనాల్ కాలనీని ఖాళీ చేయించారు. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. అప్పటినుంచి పరిశీలక బావి అనేది ఒక వృత్తి అయింది. గొట్టం దేనితో చెయ్యాలి, చిల్లులు ఎంత పొడవున ఉండాలి, మట్టి బిరడా ఎక్కడ పెట్టాలి అని 1986లో ప్రభుత్వమే ఒక లావుపాటి మార్గదర్శిని అచ్చువేసింది.

అదే 1986లో బోస్టన్ కోర్టులో వోబర్న్ కేసు నడిచింది. దానిమీద తీసిన జాన్ ట్రవోల్టా సినిమా చూసినవాళ్ళకు కథ తెలిసే ఉంటుంది. ఊరికి నీళ్ళిచ్చే రెండు బావులు, జి, హెచ్ అని వాటి పేర్లు. 1964లో ఒకటి, 1967లో ఒకటి తవ్వారు. ట్రైక్లోరోఎథిలీన్ బయటపడటంతో 1979 మేలో మూసేశారు. పిల్లలకు రక్తక్యాన్సర్ వచ్చిన కుటుంబాలు కోర్టుకెక్కాయి. కారకులన్న ఆరోపణ ఎదుర్కొన్నవాళ్ళ స్థలాలు బావులకు దూరంగా ఉన్నాయి. వాళ్ళలో ఒకరి స్థలానికీ బావులకూ మధ్యలో అబర్జోనా అనే చిన్న నది. కోర్టు నిలబడే సమయానికి నేలలో పరిశీలక బావులు బోలెడున్నాయి, కానీ అవన్నీ 1979 తర్వాత వేసినవి. జ్యూరీ ముందు పెట్టిన ప్రశ్నల్లో ఒకటి ఏమిటంటే, ఫలానా రసాయనం ఆ బావుల్లోకి ఏ నెలలో, ఏ ఏడాదిలో చేరింది? నిన్న పుట్టిన బావిని ఇరవయ్యేళ్ళ కిందటి సంగతి చెప్పమంటే ఎలా చెబుతుంది? జలవిజ్ఞానులు రెండు వైపులా నిలబడి నీటి వేగం లెక్కలు కట్టారు. ఆ వేగం లెక్క ఎంత ఊగిసలాడుతుందో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. కేసు చివరికి ఒక కంపెనీ మీద తీర్పుగా, ఆ మీదట రాజీగా ముగిసింది.

శాస్త్రపరంగా ఇంతకంటే శుభ్రమైన పని కెనడాలో జరిగింది. 1982 ఆగస్టులో బోర్డెన్ సైనిక స్థావరంలోని ఇసుక నేలలోకి 12 ఘనపు మీటర్ల నీళ్ళు వదిలారు. అందులో ఉప్పులైన క్లోరైడు, బ్రోమైడు, ఐదు రకాల కర్బన రసాయనాలు కొలిచి కలిపారు. చుట్టూ సుమారు 5,000 చోట్ల, రకరకాల లోతుల్లో, సన్నపు గొట్టాలు పెట్టి దాని నడకను చూశారు. ఎవరి మీదా నేరం మోపే పని లేదు కాబట్టి నిదానంగా చూశారు. క్లోరైడు రోజుకు దాదాపు 9 సెంటీమీటర్లు నడిచింది. కర్బన రసాయనాలు ఇసుకకు అంటుకుంటూ వెనకబడ్డాయి. వాటిలో కొన్ని మరీ వెనకబడ్డాయి. ఇసుక నేలలో, ఏ పంపుసెట్టూ లేనిచోట, రోజుకు జానెడు కూడా లేని ఈ నడకను పట్టుకోవడానికి 5,000 కళ్ళు కావలసి వచ్చాయి. ఈ అంకె గుర్తుపెట్టుకుని మా వైపు చూడండి.

మా వైపు ఇసుక లేదు. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం అంతా గ్రానైటు. పైన కాస్త మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ళ బండ, అడుగున మూసుకుపోయిన రాయి. మొరంలో నీళ్ళు స్పంజిలో ఉన్నట్టు ఉంటాయి, పగుళ్ళలో మాత్రం పరుగెడతాయి. చిన్న లెక్క చెబుతాను. నీటిమట్టం వాలు నూటికి ఒకటి, రాయి నీళ్ళను పోనిచ్చే సత్తా రోజుకు ఒక మీటరు, నీరు పోయే ఖాళీ మొత్తంలో ఒక శాతం అనుకోండి. నీటి వేగం రోజుకు ఒక మీటరు. అంటే ఏడాదికి 365 మీటర్లు. ఆ ఖాళీ శాతాన్ని కొంచెం అటూఇటూ చేస్తే ఊరికి ఊరు దాటిపోతుంది. వోబర్న్‌లో జలవిజ్ఞానులు కట్టినవీ ఇలాంటి వేగం లెక్కలే.

ఈ గ్రానైటు మీదికి 1970ల మధ్యనుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది, అందులో పని నేర్చినవాళ్ళు సొంతంగా మందుల ఫ్యాక్టరీలు పెట్టారు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అప్పటికే ఉంది. మందుల ముడిసరుకు తయారీ వాటి పక్కనే పెరిగింది. వ్యర్థజలాలు ఇసుకవాగులోకి, అక్కణ్ణుంచి నక్కవాగులోకి, మంజీరలోకి, చివరికి గోదావరిలోకి పోయాయి. కొన్ని నేరుగా చెరువుల్లోకీ, ఎండిన బావుల్లోకీ పోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు ఊళ్ళ తరఫున దశాబ్దాలు పోరాడారు. ఈ కాలుష్యం మీద 1990లో దాఖలైన కేసు సుప్రీంకోర్టులో నడిచి, 2001లో హైకోర్టుకు వచ్చి, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రంనుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అచ్చువేయడంతో మా నక్కవాగు పేరు ప్రపంచమంతా తెలిసింది. మనిషి రక్తంలో మందు పనిచేసే మోతాదు కంటే అది ఎక్కువ.

2009లో అదే బృందం మరో వ్యాసం వేసింది. ఈసారి పల్లెల బావుల నీళ్ళు కూడా పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్, సెటిరిజిన్ వంటివి పలు బావుల్లో లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటి కనిపించాయి. తుమ్ములకు వేసుకునే మాత్ర, ఎవరూ వేసుకోకుండానే బావిలో ఉందన్నమాట. ఆ వ్యాసం చదివి నేను దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. విషం ఉందా లేదా అన్న ప్రశ్నకు అది గట్టి జవాబు. మా వృత్తిలో దాని తర్వాత వరసగా వచ్చే ప్రశ్నలు మూడున్నాయి. ఎటునుంచి వచ్చింది? ఏ లోతులో వచ్చింది? ఎప్పటినుంచి వస్తోంది? వీటికి రైతు బావి జవాబు చెప్పలేదు. అది చెప్పడానికి తవ్విన బావి కాదు.

మన దేశంలో బావుల లెక్క తీసే అలవాటు లేదని కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 1969నుంచే దేశమంతా బావులను ఎంచుకుని ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం చూస్తోంది. ఆంధ్రప్రదేశ్ భూగర్భ జల శాఖ 1971లో పుట్టింది. అప్పట్లో చూసిన బావులు చాలావరకు ఊరివాళ్ళవీ రైతులవీ. 1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టుతో తొలిసారి చూడటానికే వేసిన బావులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. పేపర్లవాళ్ళు ఫిజోమీటర్లంటారు, ఆఫీసుల్లోనూ అదే మాట. అవి నీటిమట్టం కోసం వేసినవి. నీళ్ళు ఎంత దిగాయో చక్కగా చెబుతాయి. నీళ్ళలో ఏముందో చెప్పాలంటే బావి కట్టుబడి వేరేగా ఉండాలి. ఈ తేడా బడ్జెట్టు కాగితాల మీద కనిపించదు, రెంటికీ రాసేది 'బోరు ఒకటి' అనే.

మా బోర్ల సంగతి మొదటినుంచీ వేగానిది. 1967 కరువు రోజుల్లో యూనిసెఫ్ తెప్పించిన గాలి సుత్తి రిగ్గులతో గట్టి రాయిని గంటల్లో తొలచడం మొదలైంది. ఆ పని తర్వాత తమిళనాడు తిరుచెంగోడువాళ్ళ చేతిలోకి పోయింది. ఇప్పటికీ మెదక్ పొలంలో బోరు బండి నిలబడితే దానిమీద పిల్లలు మాట్లాడేది తమిళం, రైతుతో బేరం చేసేది మన ఏజెంటు. వాళ్ళ లెక్కంతా లోతుకు అడుగుల్లో, నీళ్ళకు ఇంచుల్లో. మొరం అయ్యేదాకా కేసింగు దింపుతారు, ఆ కింద అంతా ఖాళీ బొరియ. అరవై అడుగుల దగ్గర ఒక గ్యాపు, అంటే నీళ్ళూరే పగులు, నూటయాభై దగ్గర ఒకటి, మూడొందల దగ్గర ఇంకొకటి తగిలితే మూడింటి నీళ్ళూ ఒకే బొరియలో కలుస్తాయి. రైతుకు కావలసిందే అది. మాకు అదే శాపం. అరవై అడుగుల గ్యాపులో ఘాటైన రసాయనం ఉండి, కింది రెండింట్లో శుభ్రమైన నీళ్ళుంటే, మోటారు తోడినప్పుడు వచ్చేది పలచబడిన నీళ్ళు. పరీక్షలో అంకె తక్కువ వస్తుంది. అంతకంటే చెడ్డది, మోటారు ఆగినప్పుడు పై గ్యాపు నీళ్ళు ఆ బొరియగుండానే కిందికి జారతాయి. కిందనున్న మంచి నీళ్ళకు విషాన్ని చేరవేసే దారి మనమే తవ్విపెట్టినట్టు. పటాన్‌చెరు చుట్టూ అలాంటి దారులు ఎన్ని వేలున్నాయో ఊహించుకోవచ్చు.

సాక్ష్యపు బావిని మేం కట్టిన తీరు ఒకటి చెబుతాను. వాగుకు కొంచెం ఎగువన, ఒక వరిమడి మూలలో. ఒకే బావి వేయకుండా పక్కపక్కన రెండు వేశాం, ఒకటి మొరంలో ఆగేది, ఇంకొకటి పగుళ్ళ బండలోకి దిగేది. మొదటిది యాభై అడుగుల దగ్గర ఆపమన్నాను. రిగ్గు పిల్లలకు నచ్చలేదు. "సార్, ఇంకా వంద అడుగు పోనా రెండు ఇంచు తన్నీర్ వరుం" అని, అంటే రెండు ఇంచుల నీళ్ళొస్తాయని, ఒకడు నవ్వుతూ అన్నాడు. ఏజెంటైతే నాకు మతి లేదన్నట్టు చూశాడు. అడుగు వారీగా బయటికొచ్చే పొడిని గోనెపట్టా మీద కుప్పలు పోయించాం. ఎర్రమట్టి, పసుపు మొరం, ఆ తర్వాత బూడిదరంగు రాతి పొడి. చిల్లుల పైపు ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆ కుప్పలే.

పైపుల దగ్గర అసలు తకరారు వచ్చింది. మామూలుగా పీవీసీ పైపులను 'సొల్యూషన్' పూసి అతికిస్తారు. ప్లంబరు ఎవరి సంచిలో చూసినా ఆ డబ్బా ఉంటుంది. అది సాల్వెంటు. సాల్వెంట్ల కోసం వెతికే బావిలో సాల్వెంటు పూస్తే రేపు కోర్టులో అవతలి వకీలు మొదట అడిగేది దాని గురించే. మరలున్న పైపులే కావాలని పట్టుబట్టాను, పని రెండు రోజులు ఆగింది. చిల్లుల పైపు చుట్టూ కడిగిన ముతక ఇసుక, దాని మీద బెంటోనైటు మట్టి ఉండలు. అవి తడికి ఉబ్బి బిరడాలా బిగుసుకుంటాయి. ఆ పైన నేలదాకా సిమెంటు పాలు. వానకు పైనుంచి జారే మురికి బావిలోకి దిగకుండా ఇదంతా. పైన ఇనుప మూత, తాళం. ఇంకో ఇబ్బంది, ఈ రిగ్గులు గాలితో తొలుస్తాయి. కంప్రెసరు గాలిలో నూనె తుంపర ఉంటుంది, ఆ గాలే తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలను ఎగరగొడుతుంది. అందుకే బావి వేసిన వెంటనే నమూనా తీయకూడదు. బాగా తోడి, కొన్ని వారాలు వదిలేసి రావాలి.

నమూనా తీసే రోజు పని ఇంకా విసుగు. పైపులో నిలవున్న నీళ్ళు తోడేయాలి, పాత పద్ధతిలో పైపు నిండుకు మూడింతలు. నాలుగంగుళాల పైపులో మీటరుకు ఎనిమిది లీటర్లు పడతాయి. ఇరవై మీటర్ల నీళ్ళుంటే మూడింతలంటే దాదాపు ఐదు వందల లీటర్లు. ఆ నీళ్ళను మడిలో పోయకూడదు, డ్రమ్ముల్లో పట్టాలి. ఒక పెద్దాయన మడి గట్టు మీద కూర్చుని ఇదంతా చూసి అన్నాడు: "మీ నీళ్ళనేమో డబ్బల పడుతుండ్రు. గా గోడ లోపటి నీళ్ళు మా మడిల వదిలిండ్రు. గది రాస్కోరాదుండ్రి సారూ." ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు.

గోడ లోపల బావి వేయడం తేలిక. ఫ్యాక్టరీవాళ్ళు స్థలం చూపిస్తారు, వాళ్ళకు అనుకూలమైన మూలే చూపిస్తారు. గోడ అవతల ప్రతి అడుగూ ఎవరో ఒకరి పట్టా. పదేళ్ళపాటు తన పొలంలో ఇనుప గొట్టం నిలబడి ఉండటానికి రైతు ఎందుకొప్పుకోవాలి? పొలం నీళ్ళు చెడ్డవని కాగితం మీద పడితే భూమి ధర పోతుంది. నష్టపరిహారం లెక్కలో ఉన్న ఊళ్ళో అయితే నీళ్ళు బాగున్నాయని తేలడం భయం. రెండు భయాలూ న్యాయమైనవే. దర్యాప్తు సంస్థలు వీటిని వినకుండా జీపులో వచ్చి పోతే, తర్వాత వచ్చేసరికి మూత విరిగి బావిలో రాళ్ళుంటాయి. నా పని కాలంలో ఒక పరిశీలన నివేదికలో, పేరు చెప్పను, గోడ బయటి బావులన్నీ రోడ్డు వారగా వరసన ఉండటం చూశాను. నీళ్ళు ఎటు పోతాయో చూసి వేసినట్టు లేదు, జీపు ఎటు పోతుందో చూసి వేసినట్టుంది.

నీళ్ళు ఎటు పోతాయన్నది కూడా మా దగ్గర పూటకో రకంగా ఉండేది. పాఠం ప్రకారం మూడు బావుల్లో నీటిమట్టం కొలిచి త్రిభుజం గీస్తే వాలు తెలుస్తుంది. ఆ కొలత త్రీఫేజు కరెంటు వచ్చిన గంటలో తీశామా, చుట్టూ ఇరవై మోటార్లు ఒక్కసారి లేచేవి. వాగు వైపు పోవాల్సిన నీళ్ళు రబీ వరి ఉన్న వైపు మళ్ళేవి. అందుకని మేం కరెంటు టైములు లైన్‌మన్‌ను అడిగి తెలుసుకుని, మోటార్లు ఆగి చాలాసేపయ్యాక, తెల్లవారుజామున టార్చిలైటుతో కొలిచేవాళ్ళం. మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. ఈ రెంటి మధ్య మొరంలో మట్టం మీటర్ల కొద్దీ లేచి దిగుతుంది. అమెరికా పుస్తకం చూసి పదడుగుల చిల్లుల పైపు పెడితే మేలో అది గాలిలో వేలాడుతుంది. పొడుగు పెడితే లోతులు కలిసిపోతాయి. ఈ చిక్కుకు నాకు తెలిసిన మందు ఒకటే, ఒకచోట రెండు బావులు, వీలైతే మూడు. ఖర్చు రెట్టింపు, మూడింతలు.

2009 ప్రాంతంలో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్ళను 18 కిలోమీటర్ల పైపుతో అంబర్‌పేట వైపు మళ్ళించారు. నక్కవాగులోకి పడే ధార ఆగిందా లేదా అని వాదించేవాళ్ళు వాగు నీళ్ళు చూస్తే సరిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా మొరంలోకి ఇంకింది ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నదానికి మాత్రం లోతు తెలిసిన, కట్టుబడి రాసిపెట్టిన బావులు వాగుకు రెండు వైపులా, ఊరూరికీ, జంటలుగా కావాలి. ఫ్యాక్టరీకి ఎగువన కూడా ఒక జంట తప్పక ఉండాలి, లేకపోతే 'ఇది ముందునుంచే ఇక్కడి నేలలో ఉంది' అనే వాదనకు అడ్డు లేదు. బావి కట్టిన చిత్తరువు, మొరం లోతు, చిల్లుల పైపు మొదలూ చివరా, ప్రతి పరీక్షా ఫలితం, ఇవన్నీ తెలుగులో రాసి ఒక కాపీ పట్టాదారు చేతికివ్వాలి. పొలం అతనిది, నీళ్ళు తాగేదీ అతనే. నేను ఉద్యోగంలో ఉండగా ఈ చివరి సంగతి రెండు మూడు మీటింగుల్లో ఎత్తాను. ఫలితాలు బయటికిస్తే గొడవలవుతాయని మినిట్సులో రాసుకున్నారు.